రిఫరెన్స్ ఇచ్చిన మనిషి

పద్మారావు నగర్‌లోని ఆ ఇంటి మేడ మీది గది ఏడాది కిందటి దాకా పాత మంచాలు, పచ్చడి జాడీలు, పాడైన కూలర్ పడేసుకునే గది. ఇప్పుడది స్టూడియో. పేరైతే మారింది గానీ ఊడ్చే మనిషి మారలేదు. ఆ పొద్దున కూడా స్వర్ణలతే పైన ఊడ్చి వచ్చి, అత్తగారి కుడిచేతికి నూనె రాసి, ముడుచుకున్న వేళ్ళు ఒక్కొక్కటే సాగదీస్తోంది. అంతలో ఆమె భర్త విజయేందర్ రెండు చొక్కాలు పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“స్వర్ణా, వీటిల ఏది మంచిగుంటది?”

“సన్న గీతలది వద్దు, కెమెరాల మిలమిల మెరుస్తది. నీలందేస్కో.”

“అవును గద, నాకు తట్టనే లేదు.”

“నీకెప్పుడు తట్టింది గనక,” అంది నవ్వుతూ.

లచ్చమ్మ మంచం మీంచి కొడుకును ఎగాదిగా చూసింది. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆమె మాట ముద్దగా వస్తుంది గానీ, అడగాలనుకున్నది అడగకుండా మాత్రం వదలదు.

“ఎవరొస్తుండ్రురా?”

“ఫోన్ల వచ్చే చానెలోళ్ళమ్మా. మా స్టూడియో మీద వీడియో తీస్తరంట.”

“మా స్వర్ణ సుత కన్పిస్తదా అండ్ల?”

“కన్పిస్తది తియ్,” అన్నాడు విజయేందర్, అద్దం వైపు తిరిగి గుండీలు పెట్టుకుంటూ.

ఆ ‘తియ్’ ఎంత తేలిగ్గా జారిందో స్వర్ణలత పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే బీరువాలోంచి ఇస్త్రీ చేసిన నారాయణపేట చీర తీసేది కాదు. ఇంటర్వ్యూలో కూర్చోమని ఆమెకు ఎవరూ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. చెప్పేదేముంది, పని చేసినవాళ్ళు కూర్చుంటారు కదా అనుకుని జడ వేసుకుంది.

ఇంతకీ ఆ స్టూడియో సంగతి. విజయేందర్, అతని స్నేహితుడు హరికిషన్, సౌండు పని చేసే హదస్సా, ముగ్గురూ బేగంపేటలో ఒక పెద్ద విదేశీ గేమ్ కంపెనీలో తల నెరిసేదాకా పనిచేసినవాళ్ళు. ఐదేళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని తయారుచేసిన గేమును కంపెనీ చివర్లో ఇంకో దేశపు ఆఫీసుకు అప్పజెప్పింది. అది విడుదలైనప్పుడు ఆఖరున తెర మీద పడే పేర్లలో వీళ్ళ పేర్లు లేవు. ‘హైదరాబాద్ బృందం సహకారంతో’ అని ఒక్క ముక్క పడేసి చేతులు దులుపుకున్నారు. ఆ రోజు విజయేందర్ ఇంటికొచ్చి భార్య ఒళ్ళో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

“ఐదేండ్లు, స్వర్ణా. పేరు సుత లేకుండ చేసిండ్రు.”

“ఇడిసిపెట్టు ఆ కొలువు. మన ఆట మనమే చేద్దం,” అంది స్వర్ణలత.

ఆ ‘మన’లో తనూ ఉన్నాననే అనుకుంది. అనుకోవడానికి ఆమెకు హక్కూ ఉంది. అదే బేగంపేట ఆఫీసులో విజయేందర్ కంటే ముందు చేరిన యానిమేటర్ ఆమె. గీసిన బొమ్మకు నడక, పరుగు, తల తిప్పడం నేర్పే పని. కొత్తగా చేరిన విజయేందర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది ఆమే. ప్రేమా పెళ్ళీ ఆ తర్వాతి సంగతి. హరికిషన్ అప్పట్లో ‘స్వర్ణ మేడమ్’ అని లేచి నిలబడేవాడు.

పదకొండేళ్ళ కింద లచ్చమ్మ మంచాన పడితే, ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉండక తప్పలేదు. ఎవరుండాలన్న దాని మీద చర్చ కూడా జరగలేదు. స్వర్ణలత మానేసిన కొన్నాళ్ళకే ఆమె గీసిన గేము విడుదలైంది. విడుదల నాటికి కొలువులో లేనివాళ్ళ పేరు వెయ్యకూడదని కంపెనీ రూలు. టీము తరఫున పేర్లు పంపింది ఎవరో కాదు, విజయేందరే. “రూల్ అట్లుంది స్వర్ణా, నేనేం జెయ్యాలె,” అన్నాడు. ఆమె సరేలెమ్మని ఊరుకుంది. హరికిషన్‌కు కూడా ఆమె మెల్లగా మేడమ్ కాస్తా వదిన అయిపోయింది.

ఇప్పుడు మేడ మీద తయారవుతున్న గేము పేరు ‘ఆషాఢం’. ఒక ఆడమనిషి నెత్తిన బోనం ఎత్తుకుని, రాంగోపాల్‌పేట్ గల్లీల్లో జాతర జనాన్ని తప్పించుకుంటూ గుడి దాకా నడవాలి. ఆడేవాళ్ళ చేతిలో ఉండేదల్లా ఆమె నడకే. అడుగు తప్పితే బోనం ఒరుగుతుంది, మీద దీపం ఆరిపోతుంది. ఆ నడక గీసింది స్వర్ణలత. తల మీద ఇత్తడి బిందె పెట్టుకుని హాల్లోనూ మెట్ల మీదా నడిచి, ఫోనులో వీడియో తీసుకుని, ఆ తర్వాత నెలల తరబడి ఒక్కో అడుగునూ బొమ్మ తర్వాత బొమ్మగా గీసింది. వంట చేసి, అత్తగారికి తినిపించి, పడుకోబెట్టి, మిగిలిన వేళంతా మెడకు బామ్ రాసుకుంటూ గీసింది.

చానెల్ నుంచి వచ్చిన ఉదయ్‌కిరణ్ కోస్తా వైపు కుటుంబంలోని పిల్లవాడు, మర్యాద తెలిసినవాడు. స్వర్ణలత చాయ్ ట్రే పట్టుకుని పైకెళ్ళేసరికి కెమెరా ముందు మూడు కుర్చీలు వేసి ఉన్నాయి. మూడింట్లోనూ మనుషులున్నారు. ఇంకో కుర్చీ ఎవరైనా జరుపుతారేమోనని తలుపు దగ్గరే కాసేపు నిలబడింది. ఎవరూ జరపలేదు.

“ఆ కంపెనీల మాకు జీతానికి తక్కువ లేకుండె,” అని చెబుతున్నాడు విజయేందర్. “తక్కువైంది పేరే. పని చేసినోనికి పేరు లేకపోతే వాడు బతికున్నట్టా, లేనట్టా? మా దగ్గర గట్ల ఉండదు. చెయ్యి పెట్టిన ప్రతి మనిషి పేరు ఉంటది. ఈ స్టూడియో షురూ చేసిందే గందుకు.” నటన కాదు, నిజంగానే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఉదయ్‌కిరణ్ కూడా కదిలిపోయాడు. “డెమో ఆడానండి. అన్నిటికన్నా ఆ నడక సార్. మా అమ్మమ్మ నీళ్ళ బిందె ఎత్తుకుని నడుస్తున్నట్టే ఉంది. దాని గురించే అందరూ మాట్లాడుకుంటున్నారు. అదెవరు చేశారండీ?”

విజయేందర్ హరికిషన్ వైపు చూశాడు. హరికిషన్ క్రాపు సవరించుకున్నాడు.

“అది టీమ్ వర్క్,” అన్నాడు విజయేందర్. “రిఫరెన్స్ ఇంట్లనే తీసుకున్నం. మా మిసెస్ నడిచి చూపెట్టింది.” తలుపు వైపు చెయ్యి చూపించాడు.

“ఓ, మేడమ్ గారేనా. నమస్తే అండి.”

“వదిన చేతి చాయ్ సంగతి సుత చెప్పు తమ్మీ, మా స్టూడియో నడిచేదే దాని మీద,” అని హరికిషన్ హాస్యమాడాడు. హదస్సా తన కప్పులోకి చూస్తూ ఉండిపోయింది.

గేముల పనిలో రిఫరెన్స్ అంటే చూసి గీసుకునే నమూనా. గుర్రం పరుగు గీయాలంటే గుర్రం వీడియో పెట్టుకుని చూస్తారు. అది రిఫరెన్స్. ఆ గుర్రం పేరేమిటని ఎవరూ అడగరు. ఆ మాటను విజయేందర్‌కు నేర్పిన స్వర్ణలతకు దాని అర్థం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. “చక్కెర సరిపోయిందా బాబూ?” అని మాత్రం అడిగింది. ఇంకో మాట మాట్లాడితే ఆ కెమెరా ముందే బావురుమనేది.

“‘ముగ్గురు వెటరన్లు’ అని పేరు పెడతాను సార్, ఆదివారం వస్తుంది,” అని చెప్పి ఉదయ్‌కిరణ్ సామాన్లు సర్దుకుని వెళ్ళాడు. కింద గేటు పడిన చప్పుడు వినిపించేదాకా స్వర్ణలత ఆగింది.

“రిఫరెన్స్ ఏంది విజయ్?”

“అరే, అట్లనే నోట్లకెళ్ళి వచ్చేసింది.”

“నోట్లకెళ్ళి వచ్చిందా, అనుకోనే అన్నవా?”

హరికిషన్ మధ్యలో దూరాడు. మనిషి చెడ్డవాడు కాదు గానీ నోరు ఆగదు. “వదినా, నువ్వు పరేషాన్ గాకు. పోయిన వారం మీటింగుల మాట్లాడుకున్నదే. ఈ వీడియో పెద్ద పెద్దోళ్ళు చూస్తరు. మొగుడు, పెండ్లాం, మేడ మీద రూము అంటే ఇంటి దుకాణం అనుకుంటరు. ముగ్గురు వెటరన్లు అంత పెద్ద కంపెనీ ఇడిసి వచ్చిండ్రంటే దాని వజన్ వేరే.”

“పోయిన వారమా? నేను మిరపకాయ బజ్జీలు చేసి తెచ్చిన మీటింగా?”

హరికిషన్ ఖాళీ కుర్చీ ఒకటి గోడ వారకు జరిపాడు.

“వేడి వేడిగ తినుండ్రి అన్న. అయిపోతే మల్ల సుత తెచ్చిచ్చిన. నన్ను తీసేసుడు మీద మాట్లాడుతుండ్రని తెల్వక.”

“తీసేసుడేంది అక్కా,” అంది హదస్సా మెల్లగా. “గేము ఆఖర్ల నీ పేరు ఉంటది.”

“ఏమని ఉంటది?”

హదస్సా తల దించుకుంది. విజయేందరే గోడ వైపు చూస్తూ చెప్పాడు. “ప్రత్యేక కృతజ్ఞతలు అని.”

స్వర్ణలతకు నవ్వొచ్చింది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ అరువిచ్చిన పక్కింటివాళ్ళకు చెప్పేవి ఆ కృతజ్ఞతలు. “హదస్సా, నువ్వన్న ఒక్క మాట అనకపోతివి?”

“ఒకసారి అన్న అక్కా. వీళ్ళిద్దరు గట్టిగ అన్నంక ఊకున్న.” అబద్ధం చెప్పలేదు, అదొక్కటే ఆ పూట దక్కిన మర్యాద.

“స్వర్ణా, నువ్వేమన్న బయటిదానివా?” విజయేందర్ లేచి దగ్గరికి వచ్చాడు. “నా పేరున్నదంటే నీ పేరున్నట్టే గద.”

“ఆ కంపెనోళ్ళు సుత గట్లనే అనుకున్నరు విజయ్. హైదరాబాద్ అని రాస్తే విజయేందర్ అని రాసినట్టే అనుకున్నరు. మరి నువ్వెందుకు ఏడ్చినవ్ ఆ దినం? ఒడిల పెట్టుకోని ఓదార్చింది నేను. పేరు పోయినోళ్ళందరి కోసం ఏడుస్తున్నవనుకున్న. నీ ఒక్క పేరు కోసమే ఏడ్చినవని నాకేం ఎరుక?”

“గంత మాట అనకు.”

“పదకొండేండ్ల కింద రూల్ అన్నవ్. అది కంపెనీ రూల్. మరి ఈ రూల్ ఎవరు పెట్టిండ్రు?”

ఆమె ఖాళీ కప్పులు ట్రేలో పెట్టబోయి, మళ్ళీ ఏమనుకుందో వదిలేసింది.

“నేను మానేస్తున్న.”

“ఏంది మానేసుడు?”

“కొలువు. వెటరన్లు ఇడిసిపోతే పెద్ద వార్త గద. నేను సుత వెటరన్నే.”

హరికిషన్ కంగారుపడ్డాడు. “వదినా, గుడి మెట్లెక్కే ఆఖరి నడక ఇంక గీయనే లేదు. జెర ఆలోచించు.”

“మెట్లెక్కిన వీడియోలు అన్ని నీ కంప్యూటర్లనే ఉన్నయ్ హరీ. రిఫరెన్స్ ఇచ్చే పోతున్న. చూసి గీస్కోండ్రి.”

ఆమె కిందికి దిగిపోయింది. కప్పులు సాయంత్రం దాకా అక్కడే ఉన్నాయి, ఆఖరుకు హదస్సా కడిగింది.

ఆ తర్వాత ఇంట్లో అరుపులేం లేవు. అరుపులుంటే బాగుండేది. స్వర్ణలత వేళకు వంట చేసింది, వడ్డించింది, అడిగిన దానికి జవాబిచ్చింది. మేడ మెట్ల వైపు మాత్రం తిరిగి చూడలేదు. ఆదివారం వీడియో వచ్చింది. లచ్చమ్మ పట్టుబట్టి ఫోనులో పెట్టించుకుంది. కొడుకు మాట్లాడిందంతా విని, ఎడమచేత్తో కళ్ళద్దాలు పైకి తోసుకుంది.

“నువ్వేడున్నవ్ బిడ్డా?”

“తలుపు కాడ అత్తమ్మా. అగో, చెయ్యి కన్పిస్తుంది సూడు, ట్రే పట్టుకున్నది. అది నాదే.”

ఆ చేతిని లచ్చమ్మ వీడియో మళ్ళీ వెనక్కి జరిపించి చూసింది. ఆ రోజు నుంచి కొడుకుతో మాట్లాడటం మానేసింది. అతను మందులిస్తే నోరు తెరిచేది కాదు, స్వర్ణలత ఇస్తేనే మింగేది.

పైన సంగతి ఇంకా అధ్వానంగా ఉంది. హరికిషన్ బెంగళూరులో ఒక యానిమేటర్‌ను మాట్లాడాడు. ఆ పిల్లవాడు గీసి పంపిన దాంట్లో బోనమెత్తిన మనిషి గ్యాస్ సిలిండర్ మోస్తున్నట్టు మెట్లెక్కింది. ఆ పిల్లవాణ్ణి వద్దని విజయేందర్ తనే కూర్చున్నాడు. రిఫరెన్స్ అంతా కళ్ళ ముందే ఉంది. భార్య ఏ మెట్టు మీద ఏ కాలు పెట్టిందో ఆపి ఆపి చూశాడు, అచ్చు అలాగే గీశాడు. కదిలిస్తే అది నడక కాలేదు. ఒకరోజు తనే బిందె నెత్తిన పెట్టుకుని మెట్లెక్కబోయి, మెడ పట్టేసి, బిందె దొర్లించి, చప్పుడుకు వీధిలోవాళ్ళు తొంగిచూస్తే సిగ్గుపడి లోపలికి పరిగెత్తాడు. స్వర్ణలత వంటింట్లోంచి కదల్లేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె లచ్చమ్మకు పెరుగన్నం తినిపిస్తుంటే విజయేందర్ దిగి వచ్చాడు. గడ్డం మాసి ఉంది. గోడకానుకుని నేల మీదే చతికిలబడ్డాడు.

“వస్తలేదు స్వర్ణా.”

“ఏంది?”

“నడక. నీ వీడియో చూసి మక్కీకి మక్కీ గీసిన, కని నడుస్తలేదు. నువ్వు గీసిన దాంట్ల అడుగు పెట్టే ముందు మెడ జెరంత ఆగుతది. మల్ల మల్ల చూసిన, వీడియోల అది లేనే లేదు. ఏడికెళ్ళి తెచ్చినవ్ దాన్ని?”

“వీడియోల బిందె ఖాళీది. నిండుగ ఉంటే మెడకు ఏమైతదో గీసిన.”

విజయేందర్ ఇన్ని రోజులూ లేనిదాన్ని వీడియోలో వెతుక్కుంటూ కూర్చున్నాడన్నమాట.

“నీ పేరు పెడ్త,” అన్నాడు చివరికి. “యానిమేషన్ స్వర్ణలత అని, అందరికంటే పైన పెడ్త.”

“నీతోని అయితలేదని పెడ్తున్నవా? అయ్యుంటే పెడ్తుంటివా?”

అయినా పెట్టేవాణ్ణేనని అతని నాలుక చివరి దాకా వచ్చింది. తల్లి గుడ్లురిమి చూస్తోంది. లచ్చమ్మ ఇన్నాళ్ళ తర్వాత నోరు విప్పింది.

“నేను మంచాన పడితే దాని కొలువు పాయె. నీదేం పోయిందిరా? నా ఉచ్చగుడ్డలు పిండినవా నువ్వు? ఇప్పుడన్న నిజం జెప్పు దానికి.”

విజయేందర్ భార్య వైపు తిరిగాడు. “లేదు,” అన్నాడు. “అయ్యుంటే పెట్టకపోదును.”

స్వర్ణలత చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. ఈ నిజం ఇంత సూటిగా వింటుందని ఆమె అనుకోలేదు. అతనే మళ్ళీ అన్నాడు, ముక్కు ఎగబీలుస్తూ.

“ఆ కంపెనోళ్ళ మీద ఇన్ని దినాలు పండ్లు కొరికిన. మా మీద పగ పట్టిండ్రనుకున్న. పగ ఏం లేకుండె స్వర్ణా. మేము వాళ్ళకు యాదికి రాలే, అంతే. నేను గా మీటింగుల కూసున్నప్పుడు నువ్వు నాకు యాదికి రాలే. బజ్జీలు తినుకుంట సుత యాదికి రాలే.” అని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఈసారి ఒళ్ళోకి తల తీసుకోవడానికి స్వర్ణలత ముందుకు జరగలేదు.

కాసేపటికి తనే కళ్ళు తుడుచుకుని ఫోను తీశాడు. ఆమె అడగలేదు, వద్దనలేదు. స్పీకర్ పెట్టి ఉదయ్‌కిరణ్‌కు కలిపాడు.

“ఉదయ్, మీ వీడియోల ఒక తప్పు పడ్డది. తప్పు నాదే, నేను చెప్పిందే తప్పు. ఆ నడక గీసింది స్వర్ణలత. రిఫరెన్స్ కాదు, మొత్తం ఆమె గీసిందే.”

“స్వర్ణలత గారంటే ఆ రోజు టీ ఇచ్చిన మేడమ్ కదండీ? మీ మిసెస్?”

“నా సీనియర్,” అన్నాడు విజయేందర్. “నాకు పని నేర్పిన మనిషి. పదకొండేండ్ల కింద ఆమె చేసిన గేములకెళ్ళి ఆమె పేరు తీసి పంపింది నేనే. అది సుత చెప్పు, దాచకు.”

అవతల పిల్లవాడు తడబడ్డాడు. “అలాగే సార్. అయితే వీడియో పేరు ‘నలుగురు వెటరన్లు’ అని మార్చేయమంటారా?”

విజయేందర్ భార్య వైపు ఆశగా చూశాడు. స్వర్ణలత గిన్నె పక్కన పెట్టి, అత్తగారి మూతి తుడిచింది.

“ముగ్గురనే ఉండనియ్యమను. నాలుగో మనిషి ఇంక ఒప్పుకోలే.”

అతను ఆ మాటే ఫోనులో చెప్పాడు, ఒక్క అక్షరం మార్చకుండా. ఫోను పెట్టేసి తలొంచుకుని కూర్చున్నాడు. స్వర్ణలత లేచి చెయ్యి కడుక్కుని వచ్చింది.

“నువ్వు గీసిందేదో పట్టుకరా. ఏడ తప్పిందో చూస్త.”

అతని మొహం ఒక్కసారిగా వెలిగింది.

“చూస్త అన్న. గీస్త అన్లే,” అంది ఆమె.

“అట్లనే స్వర్ణా, అట్లనే,” అంటూ విజయేందర్ లేచి మెట్ల వైపు నడిచాడు. అతని అడుగుల చప్పుడు పైకి వెళ్ళేదాకా స్వర్ణలత బిగబట్టుకుని నిలబడింది. ఆ తర్వాత మంచం పక్కన కూలబడి అత్తగారి ఒళ్ళో మొహం దాచుకుంది. ఆనాడు కొలువు మానేసి వచ్చిన రోజున కూడా ఏడవనిది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కుమిలి కుమిలి ఏడ్చింది.

లచ్చమ్మ ఎడమచేత్తో ఆ కొంగు పక్కకు లాగింది.

“గట్టిగనే ఏడ్వు బిడ్డా,” అంది. “వాడు దిగి వచ్చేదాక టైముంది.”